సున్నిపిండిలో ఎనిమిదోది

మా పెద్దమ్మ భ్రమరాంబ సున్నిపిండి కొట్టేటప్పుడు చివర్లో వంటింట్లోంచి అందర్నీ బయటికి తరిమేసేది. ఏడు దినుసులు అందరి ముందే దంచేది. ఎనిమిదోది కలిపేటప్పుడు మాత్రం తలుపు గడియ పడేది. చీరాలలో మా వీధిలో ఏ పెళ్ళికూతురికి నలుగు పెట్టాలన్నా ఆవిడ పిండే కావాలి. ఎలా చేస్తారని అడిగినవాళ్ళకి కాదనకుండా చెప్పేది, ఒక్కటి మాత్రం మింగేసి. వాళ్ళు ఇంటికెళ్ళి చేసుకుని, "ఎంతైనా మీ చేతి గుణం వేరు వదినా" అంటూ మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇందులో తప్పుందని నాకు ఇరవై మూడేళ్ళపాటు తోచనేలేదు. మా ఇళ్ళలో ఆవకాయ చెప్పినా అంతే, సాంబారు పొడి చెప్పినా అంతే.

నేను కెనడా బయల్దేరే ముందు రోజు పెద్దమ్మ నన్ను ఆ గడియ లోపలికి పిలిచింది. ఏడు దినుసులూ వేయించి దంచిన పిండిని రెండు సంచుల్లో కట్టి నా సూట్‌కేసులో పెట్టింది. "ఎనిమిదోది బాదంపప్పు. ముందే వేస్తే నూనె కారి ముక్కిపోతుంది. అక్కడే కొనుక్కుని, నానబెట్టి, తొక్క తీసి, ఆరబెట్టి, తాజాగా కొట్టి కలుపుకో. దేశం కాని దేశంలో నీకంటూ ఒక విద్య ఉంటుంది. ఎవరికీ చెప్పకు" అంది. డిగ్రీ పట్టా తీసుకున్న రోజుకన్నా ఆ రోజు నాకు ఎక్కువ గర్వమేసింది. ఆ గర్వమే నా కొంప ముంచింది. నా కొంప మునిగితే మునిగింది, ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

నేను కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో దిగింది 2022 సెప్టెంబరులో. ఆ ఏడు మాలాంటి స్టూడెంట్లం విమానాలకి విమానాలు దిగాం. ఒక బేస్‌మెంట్‌లో ఎనిమిదిమంది ఆడపిల్లలం, అందరికీ ఒకటే బాత్రూమ్. మా ఊళ్ళో పొద్దున్నే బకెట్ల కోసం కొట్టుకున్నట్టు అక్కడ గీజరు నీళ్ళ కోసం కొట్టుకున్నాం. రెండు నెలలకి నాకు మతి పోయింది. అప్పుడు కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనబడింది. గది ఉంది, అద్దె తక్కువ, బదులుగా వారానికి కొన్ని గంటలు దంచడం, వడకట్టడం, సీసాల్లో పోయడం చేతనవ్వాలి అని ఉంది. దంచడం అన్న మాట చూసి నవ్వొచ్చింది. నాకు చేతనైన పని కెనడాలో ఒకటి దొరికిందనుకున్నాను.

ఇంటావిడ పేరు డోరీన్. డెబ్బై ఒక్కేళ్ళు. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. మొదటి రోజు ఆంటీ అని పిలిస్తే, నీకు నేను ఆంటీని ఎప్పుడయ్యాను, డోరీన్ అను చాలు అంది. నా పేరు చాముండేశ్వరి. ఆవిడ దాన్ని చాము చేసింది.

డోరీన్, ఆవిడ స్నేహితులు పదిమందీ పేగన్లు. చర్చి పుట్టకముందు వాళ్ళ పూర్వీకులు చేసుకున్న పండగలని మళ్ళీ పట్టుకున్నవాళ్ళు. పొద్దు పెరిగే రోజు ఒక పండగ, తగ్గే రోజు ఒక పండగ, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు ఇంకొకటి. మార్చిలో వచ్చే వసంతం పండగని ఓస్టారా అంటారు. వాటికి కావలసిన ధూపం, తైలాలు, స్నానం పొడులు అన్నీ డోరీన్ వంటింట్లోనే తయారయ్యేవి. కిటికీలో నూనెలో మునిగిన రోజ్‌మేరీ సీసాలు, పొయ్యి పక్కన దేవదారు బంక, తాళ్ళకి వేలాడే ఎండు లావెండరు. ఆ బంక నిప్పుల మీద వేస్తే అచ్చం మన సాంబ్రాణి వాసన. మొదటిసారి ఆ పొగ పీల్చి నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

"మంత్రగత్తె ఇంట్లో చేరావేంటే?" అంది రూప, పాత బేస్‌మెంట్‌లో నా పక్క మంచం పిల్ల. నేను నవ్వేశాను గానీ మొదటి వారం హనుమాన్ చాలీసా పుస్తకం తలగడ కింద పెట్టుకునే పడుకున్నాను. అన్నం పెట్టిన మనిషిని అలా అనుమానించినందుకు కూడా ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

డోరీన్‌కి ఒకటే పట్టుదల. సీసాలో ఏముందో లేబుల్ మీద అదంతా ఉండాలి. చిటికెడు ఉప్పు వేసినా రాయాలి. ఎవరైనా ఏదైనా చేసి తెస్తే, "అంతేనా?" అని అడిగేది. వాళ్ళు అంతే అన్నాక మళ్ళీ అడిగేది. ఎందుకడుగుతోందో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను.

ఆవిడ దగ్గర ఒక నల్లరాతి కల్వం ఉండేది. వాళ్ళమ్మది. సముద్రం దాటి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. అంచు ఒకచోట కొంచెం పగిలి ఉంటుంది. ధూపం సామగ్రి దేన్నైనా డోరీన్ అందులోనే నూరేది. నన్ను దాన్ని ముట్టుకోనివ్వడానికి ఆవిడకి నెల పట్టింది.

మార్చి వచ్చింది. ఆ ఏడు ఓస్టారా ఇరవయ్యో తేదీన, మన ఉగాది ఇరవై రెండున. ఉగాదికి మీరేం చేస్తారని డోరీన్ అడిగింది. తెల్లారకట్ట ఒళ్ళంతా నూనె రాసుకుని సున్నిపిండితో నలుచుకుని తలస్నానం చేస్తాం అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. వాళ్ళ పండగలో కూడా పెరట్లో ఒక పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పెట్టి, ఒకరి తర్వాత ఒకరు మొహం, చేతులు కడుక్కుంటారట, చలికాలాన్ని కడిగేసుకోవడానికి. "ఈసారి నీ పొడితో కడుక్కుందాం" అంది. నన్నెవరూ ఆ దేశంలో ఏమీ అడగలేదు అప్పటిదాకా. కాలేజీ అయ్యాక వేర్‌హౌస్‌లో స్కానరు పట్టుకుని గంటకి ఇన్ని డబ్బాలు అని లెక్కచూపే మనిషిని నేను. ఉబ్బి తబ్బిబ్బయ్యాను.

పండగ ముందు రోజు డోరీన్ గుడ్లు, పూలు కొనడానికి బజారుకి వెళ్ళింది. నానబెట్టి ఆరబెట్టిన బాదంపప్పు నా గదిలో రుమాల్లో ఉంది. అది తెచ్చి ఆ నల్ల కల్వంలో నూరాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా వంటింటి తలుపు వేశాను, పెద్దమ్మలాగే. పెద్దమ్మ పిండిలో అది కలిపేసి కల్వం కడిగి తుడిచి బోర్లించాను.

డోరీన్ వచ్చి లేబుల్, పెన్ను పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. నేను చెబుతుంటే రాసుకుంది. పెసలు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్ళు, గులాబీ రేకులు, కమలా తొక్క, మెంతులు.

"అంతేనా?"

"అంతే."

"అంతేనా చాము?"

"అంతే డోరీన్."

పెన్ను మూత పెట్టబోయి మూడోసారి అడిగింది. "ఇంకేం లేదుగా?"

"ఏడే" అన్నాను. లోపల ఒక ముసిముసి నవ్వు కూడా వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు అడిగినప్పుడు పెద్దమ్మ మొహంలో వచ్చే నవ్వే అది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి పెరట్లో మంచు ఇంకా మడమ లోతు ఉంది. మధ్యలో నిప్పులు, వాటి మీద దేవదారు బంక. రంగులేసిన గుడ్లు ఒక బుట్టలో. పళ్ళెం పక్కన నా పిండి ఒక గాజు గిన్నెలో. అందరిలో పెద్దది లోర్నా. డెబ్బై ఎనిమిదేళ్ళు, డోరీన్‌కి నలభై ఏళ్ళ నేస్తం. పెద్దరికం ఆవిడదే కాబట్టి ముందు ఆవిడే కడుక్కోవాలి. పిండి అరచేతిలో తీసుకుని, తడిపి, మొహానికి, పెదాలకి, కళ్ళ చుట్టూ రాసుకుంది. "దీని వాసన ఎంత బావుందో" అంది నా వైపు చూసి.

రెండు నిమిషాలు కాలేదు. లోర్నా పెదవి గోక్కుంది. మొహం కడుక్కునేసరికి కళ్ళ కింద ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఇంకాసేపటికి కళ్ళు పూడుకుపోయాయి. గొంతు బిగుసుకుంటోందని చేత్తో చూపించింది. డోరీన్ లోర్నా సంచీలోంచి అలర్జీ ఇంజక్షన్ లాగి ఆవిడ తొడలో పొడిచింది. ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. లోర్నాకి బాదం, జీడిపప్పు లాంటివి ఏవీ పడవని, అందుకే ఇరవై రెండేళ్ళుగా ఆ గుంపులో ఎవరూ అలాంటివేవీ వాడరని నాకు అప్పుడు తెలిసింది. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ నాకు విడిగా చెప్పలేదు.

అంబులెన్సు కుర్రాడు అడిగాడు, ఏం రాసుకుంది, అందులో ఏముంది అని. డోరీన్ లేబుల్ తెచ్చి గట్టిగా చదివింది. ఏడూ చదివింది.

"నట్స్ ఏమైనా?"

"లేవు" అంది డోరీన్. "చేసిన పిల్ల నాకు తెలుసు. మూడుసార్లు అడిగాను."

నేను పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదు. బాదం తింటేనే కదా, పూసుకుంటే ఏమవుతుంది అని ఒక వెధవ ఆలోచన. కేసవుతుందేమో, స్టడీ పర్మిట్ పోతుందేమో అని ఇంకోటి. నిజానికి అవన్నీ తర్వాత కల్పించుకున్న సాకులు. డోరీన్ అంత నమ్మకంగా చెప్పాక, ఆవిడ మాట అబద్ధమని పదిమందిలో ఎలా చెప్పను అన్నదే అసలు భయం. లోర్నాని స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఊపిరి పీల్చే చప్పుడు నాకు వినబడుతోంది. అప్పుడన్నాను, "బాదం అయ్యుండొచ్చు" అని.

"బాదమా? ఎక్కడిది?" డోరీన్ నా వైపు తిరిగింది.

వంటింటి కిటికీ వైపు చూశాను. కిటికీ దగ్గర, నేను పిండి కోసం వాడిన కల్వం బోర్లించి ఉంది.

డోరీన్ నా చూపు వెంట చూసింది. ఆవిడ మొహం పాలిపోయింది. "మా అమ్మ" అంది. "క్రిస్మస్‌కి బాదం మిఠాయి చేసేది. ఆ రాతిలోనే నూరేది. దేవుడా, ఇన్నేళ్ళూ..."

అప్పుడు నేను అబద్ధం ఆడలేదు. ఒక్క ముక్క కూడా ఆడలేదు. ఆడితేనే నయం. చచ్చిపోయిన ఒక ముసలమ్మ మీదికి నా తప్పు తోసేసి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

లోర్నా బతికింది. ఆ రాత్రంతా ఆస్పత్రిలో ఉంచుకుని మర్నాడు పంపించారు. ఉగాది నాడు గుడిలో చేతిలో పచ్చడి పెడితే నాకు చేదొక్కటే తెలిసింది. రూపకి జరిగింది చెప్పాను. అది చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నోరు మూసుకుని ఉండు. వాళ్ళమ్మ ఎలాగూ పోయింది కదా, ఆవిడనేం జైల్లో పెట్టరు. నువ్వు చెప్పావనుకో, రూమ్ పోతుంది, కేసు పడితే ఇక్కడ స్థిరపడే పీఆర్ గోవిందా." నిజమే అనిపించింది. నిజమే అనిపించినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

డోరీన్ వంటిల్లు ముట్టుకోవడం మానేసింది. సీసాల్లోని తైలాలన్నీ పారబోసింది. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఇక చేయనని గుంపులో అందరికీ ఫోన్లు చేసి చెప్పింది. ప్రతి ఫోనూ ఒకేలా మొదలయ్యేది, "తప్పు నాదే" అని. గోడకి ఇవతల మంచం మీద కూర్చుని నేను పది ఫోన్లూ విన్నాను. పదకొండో మాట నేను చెప్పి ఉండాల్సింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి చెత్తబండి వచ్చే టైము. నాకు మధ్యాహ్నం షిఫ్టు. కాఫీ పెట్టుకుంటూ కిటికీలోంచి చూశాను. రోడ్డు పక్కన చెత్త సంచుల పక్కన ఒక అట్టపెట్టె ఉంది. అందులోంచి నల్లగా, ఒకచోట విరిగిన అంచు కనబడింది. బండి రెండిళ్ళ అవతల ఆగి ఉంది.

రబ్బరు చెప్పులతోనే పరిగెత్తాను. మంచు కరిగి బురదగా ఉంది, ఒక చెప్పు అందులోనే ఉండిపోయింది. పెట్టెలోంచి కల్వం ఎత్తి ఒళ్ళోకి తీసుకుని అక్కడే కూలబడ్డాను. బండివాడు హారన్ కొట్టి, నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, మిగతావి ఎత్తుకుని పోయాడు.

డోరీన్ గుమ్మంలోకి వచ్చింది. "అది అక్కడ పెట్టెయ్. దాన్ని చూస్తూ ఈ ఇంట్లో ఉండలేను."

"మీ అమ్మగారు కాదు" అన్నాను. "నేను. పండగ ముందు రోజు మీరు బజారుకెళ్ళినప్పుడు ఇందులో బాదం నూరాను. పిండిలో కలిపాను. లేబుల్ రాసేటప్పుడు చెప్పలేదు."

ఆవిడ మెట్టు దిగలేదు. "నేనడిగినప్పుడు నీకు గుర్తు లేదా?"

"గుర్తుంది."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ."

"అంబులెన్సు అబ్బాయి అడిగినప్పుడు?"

"తెలుసు."

"తెలిసి నువ్వు కల్వం వైపు చూశావు."

"చూశాను" అన్నాను. తల ఎత్తలేకపోయాను. ఆవిడ తిట్టి ఉంటే బావుండేది. తిట్టలేదు. లోపలికి వెళ్ళి మిగిలిన పిండిని మూత బిగించిన సీసాలో, కొత్త లేబుల్ ఒకటి, పెన్ను, కారు తాళాలు తెచ్చింది. ఆరిన బట్టల్లోంచి నాకొక జత సాక్సు పడేసింది. "కారెక్కు. నాకు చెప్పింది చాలదు."

లోర్నా ఇల్లు ఊళ్ళోనే గాల్ట్ వైపు, నది దగ్గర. కల్వం నా ఒళ్ళోనే ఉంది. లోర్నా తలుపు తీసింది. కళ్ళ కింద వాపు ఇంకా తగ్గలేదు, పెదాల చుట్టూ చర్మం పొట్టు రేగి ఉంది. నేను చేసిన పని ఆ మొహం మీద చదువుకున్నాను.

చెప్పాల్సింది చెప్పాను. ఎందుకు దాచావని అడిగింది. మా ఇళ్ళలో ఒకటి దాచుకునే చెబుతామని, అది మా పెద్దమ్మ విద్య అని, మొత్తం చెప్పేస్తే చేతి గుణం పోతుందంటారని చెప్పాను. ఇంగ్లీషులో చెబుతుంటే ఆ మాటలు నాకే ఎంత లేకిగా వినబడ్డాయో.

"తినే కూరైతే దాచుకో" అంది లోర్నా. "ఒకళ్ళ మొహానికి రాసేదాన్ని దాచుకుంటారా? నేను మీ వీధిలో ఆడదాన్ని కాదు, నీ పొడి కొట్టేసి పేరు తెచ్చుకోవడానికి."

డోరీన్ లేబుల్ నా ముందుకు తోసింది. "రాయి." ఏడూ రాశాను. కింద ఎనిమిదోది, బాదం అని రాశాను.

"ఇంకేమైనా ఉందా?" అంది లోర్నా.

లేదు అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. అదే మాట అదే గొంతుతో డోరీన్‌కి మూడుసార్లు చెప్పినదాన్ని. "ఒక్క నిమిషం, మా పెద్దమ్మని అడుగుతాను" అన్నాను. చీరాలలో అప్పుడు రాత్రి ఏడున్నర. స్పీకర్‌లో పెట్టాను. వెనక టీవీ సీరియల్ మోగుతోంది.

"పెద్దమ్మా, మన సున్నిపిండిలో ఎనిమిదేగా?"

"పక్కన ఎవరన్నా ఉన్నారా?" అంది ముందు.

"ఉన్నారు. తెలుగు రాదు."

"చెప్పేశావా ఏంటే కొంపదీసి?"

"చెప్పేశాను. బాదం పడక ఒకావిడ ఆస్పత్రి పాలైంది. నా వల్లే. ఇంకేమన్నా ఉంటే చెప్పు, నీకు దణ్ణం పెడతాను."

టీవీ ఆగిపోయింది. "గసగసాలు" అంది పెద్దమ్మ. "పెసలు వేయించేటప్పుడే వేసేస్తాను, అందరి ముందే. మీ కళ్ళన్నీ ఆ తలుపు మీదే ఉంటాయిగా, ఇది ఎవరూ చూడరు."

"నాకు చెప్పలేదే. గడియ లోపలికి పిలిచి మరీ..."

"రేపు ఇంకో ఇంటికి పోయే పిల్లవి. కోపం తెచ్చుకోకమ్మా. మా అత్తగారు నాకు చెప్పింది కూడా మంచాన పడ్డాకే. ఆవిడన్నా మొత్తం చెప్పి పోయిందో లేదో, ఆ తల్లికే తెలియాలి."

ఫోన్ పెట్టేశాను. ఇద్దరు ముసలమ్మలూ నా మొహంలోకి చూస్తున్నారు. విన్నదంతా ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను, నాకూ చెప్పలేదన్నది కూడా. అది చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని తొమ్మిదోది, గసగసాలు అని రాశాను.

డోరీన్ లేబుల్ చేతిలోకి తీసుకుని పైనుంచి కిందిదాకా చదివింది.

"అంతేనా చాము?"

"నాకు తెలియదు" అన్నాను.

ఆవిడ పెన్ను నా చేతిలోంచి తీసుకుంది. తొమ్మిదోదాని కింద తన గుండ్రటి అక్షరాలతో, 'ఇంకా ఏదైనా ఉండవచ్చు, చేసినవాళ్ళకే తెలియదు' అని రాసింది. ఆ లేబుల్‌ని పిండి సీసాకి అంటించి, ఆ సీసాని నా చేతుల్లో పెట్టింది.